రోడ్డు సైక్లింగ్: అమీర్‌పేట, పంజాగుట్టల నుంచి పల్లెదారుల దాకా

తారు రోడ్ల మీద తేలికపాటి సైకిలుతో, పోటీ కోసమో ఆరోగ్యం కోసమో ఊళ్లు చూడాలన్న కోరికతోనో దూరాలు తొక్కడాన్ని రోడ్డు సైక్లింగ్ అంటారు. ఈ ఆటకు పుట్టిల్లు ఐరోపా. అందులోనూ ఫ్రాన్స్ పల్లెసీమ. మిట్టపల్లాల మీదుగా సాగే సన్నని దారులు, రాతి చర్చి గోపురం కనబడగానే మొదలయ్యే ఊరు, ఊరు దాటగానే మళ్లీ పొలాలు అక్కడి సైక్లిస్టుకు నిత్యం కనిపించేవే. హైదరాబాద్ చుట్టుపక్కల కూడా అలాంటి నేల ఉంది. మర్రిచెట్లు కమ్ముకున్న రోడ్లు, కోటగుట్టలు, నేతగాళ్ల ఊళ్లు, నిజాం కాలపు చెరువులు నగరం నడిబొడ్డు నుంచి ఒక ఉదయంలో అందుకోగలిగినంత దూరంలోనే ఉన్నాయి. కాకపోతే అమీర్‌పేటలోనో పంజాగుట్టలోనో ఉండేవారికి ఆ పల్లెదారికీ ఇంటి గుమ్మానికీ మధ్య నగరం అడ్డంగా ఉంటుంది. హైదరాబాద్‌లో ఈ ఆట తెల్లవారుజాము ఆటగా మారడానికి కారణం అదే.

నేల తీరు

హైదరాబాద్ దక్కను పీఠభూమి మీద, సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు ఎండకూ వానకూ అరిగి గుండ్రాళ్లుగా, గుట్టలుగా, వాటి నడుమ పల్లాలుగా మిగిలింది. పల్లం ఉన్నచోటల్లా మన పూర్వులు కట్టవేసి చెరువు చేశారు. అందుకే ఇక్కడి రోడ్డు ఎక్కువ దూరం చదునుగా సాగదు. చెరువు కట్ట దాకా దిగుతుంది, కట్ట దాటాక మిట్ట ఎక్కుతుంది, మళ్లీ దిగుతుంది. ఒక్కో ఎక్కుడు చిన్నదే కాబట్టి కారులో పోయేవారికి అది తెలియను కూడా తెలియదు. నలభై కిలోమీటర్లు తొక్కినవాడి తొడలకు మాత్రం లెక్క తెలుస్తుంది.

ఫ్రాన్స్‌కు పడమటి కొసనున్న బ్రిటనీ ప్రాంతంలో కూడా చాలాభాగం పాత గ్రానైటు నేలే. అక్కడ చెప్పుకోదగ్గ పర్వతం లేదు. సైక్లిస్టులు గొప్పగా చెప్పుకునే రోక్ ట్రెవెజెల్ శిఖరం ఎత్తు 400 మీటర్ల లోపే. అయినా పారిస్ నుంచి బ్రెస్ట్ రేవుకు పోయి తిరిగి వచ్చేసరికి చిన్న చిన్న ఎక్కుళ్లన్నీ కలిపి దాదాపు 12,000 మీటర్లు ఎక్కినట్టవుతుంది. ఆ నేలకు సిద్ధపడాలనుకునే సైక్లిస్టుకు హైదరాబాద్ పరిసరాలు చక్కగా సరిపోతాయి. ఎండ ఒక్కటే తేడా. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది, ఎనిమిదింటికల్లా నీడ వెతుక్కోవాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి బలంగా వీస్తుంది. ఆ నెలల్లో వికారాబాద్ వైపు వెళ్తే పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనుకగాలి. శక్తి ఉన్నప్పుడే కష్టం తీరిపోతుంది గనుక వానాకాలంలో పడమటి దారి పట్టడం తెలివైన పని. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అన్ని దారులూ మంచివే.

తొలి పది కిలోమీటర్లు

పుణె నుంచి మచిలీపట్నం పోయే 65వ జాతీయ రహదారి పాత దారి అమీర్‌పేట, పంజాగుట్టల మీదుగానే వెళ్తుంది. పెద్దవాళ్లు నేటికీ దాన్ని తొమ్మిదో నంబరు రోడ్డనో బొంబాయి రోడ్డనో అంటారు. దాని నడుమ నిలబెట్టిన స్తంభాల మీదే మియాపూర్, ఎల్బీనగర్‌ల మధ్య ఎర్ర గీత మెట్రో నడుస్తోంది. 2017 నవంబరు 28న నాగోలు నుంచి అమీర్‌పేట మీదుగా మియాపూర్ దాకా 30 కి.మీ. మెట్రో మొదలైంది. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా, 2019 మార్చిలో హైటెక్ సిటీ దాకా పొడిగించాక అమీర్‌పేట రెండు గీతలు కలిసే పెద్ద కూడలి అయింది. మెట్రో వల్ల ఊరికి జరిగిన మేలు తక్కువది కాదు. అయితే కింద రోడ్డులో స్తంభాలు మిగిల్చిన జాగాను బస్సులు, ఆటోలు, పార్కింగు పంచుకున్నాయి. సైకిలుకంటూ విడిగా గీసిన గీత లేదు.

పగలు ఈ రోడ్డు మీద సైకిలు తొక్కడమంటే ఏమిటో పంజాగుట్ట కూడలిలో నిలబడి చూస్తే అర్థమవుతుంది. ఎడమ అంచు సైకిలుదని నియమం. ఆ అంచులోనే బస్సు ఆగుతుంది, ఆటో తిరుగుతుంది, నిమ్స్ ఆసుపత్రికి వచ్చే అంబులెన్సుకు దారి ఇవ్వాల్సిందీ అక్కడే. ఫ్లైఓవరు ఎక్కితే వేగంగా దూసుకొచ్చే కార్ల పక్కన పిట్టగోడకు ఆనుకుని తొక్కాలి. ఎక్కకుండా కింద నుంచి పోతే మలుపు తిరిగే ప్రతి బండీ అడ్డం వస్తుంది. మురుగు కాలువల మీద వేసిన ఇనుప జాలీల సందులు కొన్నిచోట్ల ప్రయాణం సాగే దిశలోనే ఉంటాయి. పాతిక పైచిలుకు మిల్లీమీటర్ల వెడల్పున్న టైరు అందులో దిగితే ముందుచక్రం అక్కడే ఆగిపోతుంది, మనిషి ఎగిరి ముందు పడతాడు. వాన పడితే మైత్రీవనం ముందు నిలిచే నీళ్ల కింద గుంత ఎక్కడుందో ఎవరికీ కనబడదు.

అదే రోడ్డు తెల్లవారుజామున ఐదింటికి మరోలా ఉంటుంది. కోచింగ్ బోర్డుల దీపాలు ఆరిపోయి, హాస్టళ్ల సందుల్లో పాల ప్యాకెట్ల ట్రేలు దిగుతుంటాయి. దినపత్రికల కట్టలు విప్పి పంచుకునే కుర్రాళ్లు ఉంటారు. దూరం నుంచి వచ్చిన ప్రైవేటు బస్సులు ఎస్సార్‌నగర్ దగ్గర జనాన్ని దింపి వెళ్తుంటాయి. ఆ గంటసేపు రోడ్డు సైక్లిస్టుకు దక్కుతుంది. డిసెంబరులో సూర్యోదయం ఆరున్నర దాటాకే కాబట్టి ముందు తెల్లదీపం, వెనక ఎర్రదీపం లేకుండా బయలుదేరకూడదు. ఏడు దాటితే స్కూలు బస్సులు మొదలవుతాయి. వెళ్లడం ఎంత తేలికో తిరిగి ఇల్లు చేరడం అంత కష్టం. నగరంలో ఉండే సైక్లిస్టులు ఆదివారాన్ని ఎంచుకోవడానికి సెలవు ఒక్కటే కారణం కాదు, తిరుగు ప్రయాణంలో ట్రాఫిక్ పలచగా ఉంటుందన్న లెక్క కూడా ఉంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ రోడ్ల మీద సైకిలు తొక్కేవాళ్లలో ఎక్కువమంది హెల్మెట్ పెట్టుకున్న ఆటగాళ్లు కారు. పేపరు వేసేవాళ్లు, వాచ్‌మెన్లు, హోటళ్లలో పనిచేసేవాళ్లు, క్యానులు కట్టుకున్న చాయ్ అమ్మేవాళ్లు. వాళ్లకు ఆదివారమూ లేదు, తెల్లవారుజామన్న వెసులుబాటూ లేదు. పట్టపగలు పన్నెండింటికి కూడా పంజాగుట్ట కూడలి దాటాల్సినవాళ్లు వాళ్లు. సైకిలు దారి గురించి ఏ ఆలోచన చేసినా వాళ్లను మొదటి వరసలో పెట్టుకోవాలి.

కొత్తగా మొదలుపెట్టేవారికి ఈ ప్రాంతం నుంచి దగ్గరి దారి హుస్సేన్‌సాగర్. పంజాగుట్ట నుంచి రాజ్‌భవన్ రోడ్డు మీదుగా ఖైరతాబాద్ చేరి, ఇప్పుడు పీవీ నరసింహారావు మార్గ్‌గా పేరు మారిన నెక్లెస్ రోడ్డులోకి దిగితే చాలు. 16వ శతాబ్దంలో హుస్సేన్ షా వలీ కట్టించిన ఈ చెరువు చుట్టూ, ట్యాంక్‌బండ్‌ను కలుపుకుని తిరిగితే గేర్లు మార్చడం, గుంపులో వరస తప్పకుండా తొక్కడం, ఒంటిచేత్తో హ్యాండిల్ పట్టుకుని నీళ్లు తాగడం అన్నీ నేర్చుకోవచ్చు.

పడమటి దారి: చేవెళ్ల, వికారాబాద్

హైదరాబాద్ సైక్లిస్టులు ఎక్కువగా ఇష్టపడేది పడమటి దారినే. పంజాగుట్ట నుంచి నాగార్జున సర్కిల్, మాసబ్‌ట్యాంక్, మెహిదీపట్నం, లంగర్‌హౌజ్ మీదుగా పోలీసు అకాడమీ కూడలికి సుమారు 20 కి.మీ. అక్కడ బీజాపూర్ రోడ్డు ఎక్కితే మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ వరసగా వస్తాయి. ఎడమకు హిమాయత్‌సాగర్, కుడికి ఉస్మాన్‌సాగర్. 1908 మూసీ వరద నగరాన్ని ముంచేశాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మేరకు కట్టిన జంట జలాశయాలివి. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. దారి మధ్యలో పక్కకు తిరిగితే చిలుకూరు బాలాజీ గుడి. అమెరికా వీసా కోసం ప్రదక్షిణలు చేసేవాళ్లలో అమీర్‌పేట హాస్టలు విద్యార్థులు ఎందరో ఉంటారు. వాళ్లు బస్సులో వెళ్లే దారి, సైక్లిస్టు చెమటోడ్చే దారి ఒకటే.

మొయినాబాద్ దాటాక మర్రిచెట్లు మొదలవుతాయి. పోలీసు అకాడమీ కూడలి నుంచి మన్నెగూడ దాకా 46 కి.మీ. పొడవునా తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లున్నాయి. రెండు వైపుల కొమ్మలూ నడినెత్తిన కలుసుకుంటాయి. కొన్ని చెట్ల ఊడలు దిగి మానులై తల్లిచెట్టుతో సమానంగా లావెక్కాయి. ఎండలోంచి ఆ నీడలోకి వెళ్లగానే మీదికొచ్చే గాలి చల్లదనం చర్మానికి తెలుస్తుంది. మే నెలలో పది గంటలకు కూడా ఈ రోడ్డు మీద తొక్కగలుగుతున్నామంటే ఆ చెట్ల చలవే. రోడ్డును నాలుగు వరసలు చేయాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు చెట్లను కాపాడాలని నగరంలోని ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. రోడ్డు ఇరుకన్నదీ నిజమే. కంకర టిప్పర్లు, బస్సులు, కూరగాయల ఆటోలు అన్నీ దాని మీదే పోవాలి. 2025 నవంబరులో చేవెళ్ల దగ్గర మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొట్టి ఎందరో ప్రాణాలు కోల్పోయారు. చెట్లను ఉంచి, వాటికి అవతలి పక్కన మరో రోడ్డు వేసి, పాత రోడ్డును ఒకవైపు రాకపోకలకు వాడుకోవడం చెట్ల ప్రాణాలనూ మనుషుల ప్రాణాలనూ కాపాడే పద్ధతి. వందేళ్ల మర్రిని పడగొడితే నర్సరీ మొక్కతో దాన్ని తిరిగి తేలేం.

చెట్ల వరసకు వచ్చే గండం ఫ్రాన్స్‌కు కూడా తెలుసు. 17వ శతాబ్దంలో తవ్విన కెనాల్ డు మిడి కాలువ గట్ల మీద సుమారు 42,000 ప్లేన్ చెట్లు ఉండేవి. ఆ నీడలో సైకిలు తొక్కడానికి లోకం నలుమూలల నుంచీ జనం వచ్చేవారు. 2006లో వాటికి ఒక శిలీంధ్రపు తెగులు సోకినట్టు బయటపడింది. మందు లేని జబ్బు కావడంతో వేల చెట్లను కొట్టేయక తప్పలేదు. తెగులును తట్టుకునే రకాలను అక్కడ మళ్లీ నాటుతున్నారు. అక్కడ చెట్టును తీసింది జబ్బు. మనకు ఇంకా ఎంచుకునే వీలుంది.

చేవెళ్ల చుట్టుపక్కల ఎర్ర గరప నేల, నల్లరేగడి ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. దక్కను లావా పరుపు అంచు ఇక్కడి దాకా వచ్చి ఆగింది. పత్తి, మొక్కజొన్న, కూరగాయలు, పూలతోటలు. మన్నెగూడ నుంచి వికారాబాద్ వైపు తిరిగితే రోడ్డు సన్నబడుతుంది, బండ్లు తగ్గుతాయి. ఊరు దాటాక అనంతగిరి కొండలు. మూసీ నది పుట్టింది ఇక్కడే. పద్మనాభస్వామి గుడి ముందునుంచి అడవిలోకి దిగే మలుపుల రోడ్డు కొత్త సైక్లిస్టుకు పరీక్ష పెడుతుంది. దిగేటప్పుడు బ్రేకు పట్టి ఉంచకుండా, మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి. మలుపు మధ్యలో బ్రేకు నొక్కితే చక్రం జారుతుంది. అమీర్‌పేట నుంచి ఇక్కడికి సుమారు 75 కి.మీ. పోయి వస్తే నూటయాభై. ఇంకా ముందుకు పోతే కందిపప్పుకు, నాపరాళ్లకు పేరుబడ్డ తాండూరు.

తూర్పు, ఉత్తర దారులు

ఊళ్ల చరిత్ర మీద మక్కువ ఉన్నవారికి తూర్పు దారి మంచిది. ఎల్బీనగర్, హయత్‌నగర్ దాటి విజయవాడ రహదారి మీద కొంతదూరం పోయి ఎడమకు తిరిగితే పోచంపల్లి. అమీర్‌పేట నుంచి సుమారు 50 కి.మీ. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు దానమిచ్చిన ఊరది. భూదానోద్యమం అక్కడే మొదలైంది. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ దాన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. ఫ్రాన్స్‌లో 1982 నుంచి అందమైన పల్లెలకంటూ ఒక సంఘం ఉంది. ఆ ఊళ్లను ఒకదానితో ఒకటి కలుపుతూ సైకిలు యాత్రలు సాగుతాయి. పోచంపల్లి ఒక్కటే ఆ కోవలోది అనుకోనక్కర్లేదు. అక్కడి నుంచి పల్లెదారుల్లో భువనగిరి, ఆలేరు దగ్గరి కొలనుపాక జైన ఆలయం కలుపుకుంటే ఒక రోజు యాత్ర అవుతుంది. భువనగిరి కోట ఒకే రాతిగుట్ట మీద ఉంది. కల్యాణి చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరుతోనే ఊరికి ఆ పేరు వచ్చిందంటారు. సాయంత్రం పూట ఇక్కత్ మగ్గాల చప్పుడు విని, రాత్రి అక్కడే ఉండి, మర్నాడు తెల్లవారి తిరిగొచ్చే యాత్రకు పోచంపల్లిని మించిన ఊరు ఈ చుట్టుపక్కల లేదు. ఒక్క ఇబ్బంది, అక్కడికి చేరే దాకా పెద్ద రహదారి మీద లారీల పక్కన తొక్కాలి.

ఉత్తరాన బాలానగర్, గండిమైసమ్మ, దుండిగల్, గుమ్మడిదల మీదుగా నర్సాపూర్ అడవి దాటి మెదక్ చేరవచ్చు. పోను రాను 200 కిలోమీటర్లకు దగ్గర. మెదక్ చర్చి గోపురం ఎత్తు 175 అడుగులు. కరువు రోజుల్లో జనానికి పని కల్పిస్తూ చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన ఈ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. పొలాల మధ్య రోడ్డు మీంచి దూరాన ఆ గోపురం కనబడడం, ఇంకా కాసేపు తొక్కాలని తెలియడం ఫ్రాన్స్ పల్లెల్లో తిరిగినవారికి పరిచయమైన దృశ్యమే.

ఫ్రాన్స్ నుంచి వచ్చిన పద్ధతి

1891లో ల పెతీ జుర్నాల్ పత్రిక సంపాదకుడు పియర్ జిఫార్ పారిస్ నుంచి బ్రెస్ట్‌కు, అక్కడి నుంచి తిరిగి పారిస్‌కు దాదాపు 1,200 కి.మీ. పందెం పెట్టాడు. రెండువందల మందికి పైగా బయలుదేరారు. చార్ల్ తెర్రో అనే అతను దాదాపు నిద్రపోకుండా 72 గంటల లోపే తిరిగొచ్చి గెలిచాడు. అతని సైకిలుకు మిషెలిన్ కంపెనీ కొత్తగా చేసిన, విప్పి బిగించడానికి వీలైన గాలి టైర్లు ఉన్నాయి. పంక్చరైతే దారిలోనే బాగుచేసుకోవచ్చని లోకానికి తెలిసింది ఆ పందెంతోనే. టూర్ డి ఫ్రాన్స్ పుట్టింది ఆ తరవాత పన్నెండేళ్లకు, 1903లో. వృత్తి ఆటగాళ్ల పందెంగా పారిస్-బ్రెస్ట్-పారిస్ 20వ శతాబ్దం మధ్యలో ఆగిపోయింది. 1931 నుంచి సాధారణ సైక్లిస్టులకు చోటిచ్చిన రూపం నిలబడింది. ఇప్పుడు నాలుగేళ్లకోసారి జరుగుతుంది. 90 గంటల్లో పూర్తిచేయాలి. గెలుపు ఓటములు లేవు. గడువులోపు వచ్చినవాళ్లందరి పేర్లూ ఒకే జాబితాలో ఉంటాయి.

ఆ యాత్రలో పాల్గొనాలంటే ముందుగా బ్రెవేలనే, గడువు పెట్టిన దూరయాత్రలు పూర్తిచేయాలి. 1904లో పుట్టిన ఓడాక్స్ క్లబ్ పారిసియన్ ప్రపంచమంతటా వీటికి గుర్తింపునిస్తుంది. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27 గంటలు, 600కు 40 గంటలు గడువు. ఒకే ఏడాదిలో ఈ నాలుగూ చేసినవారిని సూపర్ రాందొనర్ అంటారు. మన దేశంలో ఓడాక్స్ ఇండియా వీటిని చూసుకుంటుంది. హైదరాబాద్‌లో ఆ పని హైదరాబాద్ రాందొనర్స్ బృందం చేస్తోంది. నగరంలో సైకిలు అలవాటును పెంచడంలో హైదరాబాద్ బైసిక్లింగ్ క్లబ్‌దీ పెద్ద చెయ్యి.

బ్రెవే తీరు తెలియనివారి కోసం దాన్ని కాస్త దగ్గరగా చూపించాలి. బయలుదేరే చోట ప్రతి ఒక్కరికీ మడతపెట్టిన అట్ట కార్డు ఒకటి ఇస్తారు. దాని మీద తనిఖీ కేంద్రాల పేర్లు, ఏ గంట నుంచి ఏ గంట దాకా అవి తెరిచి ఉంటాయో రాసి ఉంటుంది. ముందు దీపాలు వెలుగుతున్నాయా, చీకట్లో మెరిసే పట్టీల జాకెట్ ఉందా అని చూస్తారు. ఇక దారిలో ఎవరి సాయం వారిదే. వెనక కారులో మనుషులు నీళ్లు పట్టుకుని రావడం కుదరదు. తనిఖీ కేంద్రంలో నిర్వాహకులుంటే కార్డు మీద ముద్ర వేస్తారు. ఎవరూ లేని చోట ఏటీఎం చీటీయో హోటల్ బిల్లో తెచ్చి చూపాలి. దాని మీద ఊరి పేరు, సమయం అచ్చై ఉంటాయి కదా. అర్ధరాత్రి దాబాలో పప్పు, రొట్టె తిని, బల్ల మీద తల వాల్చి పావుగంట కునుకు తీసి, బిల్లు జాగ్రత్తగా ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని లేచి తొక్కే మనిషిని దాబావాళ్లు మొదట్లో వింతగా చూసేవారు. ఇప్పుడు సీసాలు వాళ్లే నింపి ఇస్తున్నారు. డబ్బు బహుమతి లేని ఈ యాత్రలో ఒకరితో ఒకరు పోటీపడడం కంటే వెనకబడ్డవాడి కోసం ఆగడమే ఎక్కువగా కనిపిస్తుంది. నాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా విలువైనదిగా తోచేది అదే.

పారిస్-బ్రెస్ట్-పారిస్ యాత్రకు మన దేశం నుంచి వెళ్లేవారు ఇటీవల వందల్లోకి చేరారు. 2019, 2023 యాత్రలు పారిస్‌కు నైరుతిన ఉన్న రాంబుయే పట్టణంలో మొదలయ్యాయి. ఆగస్టు నెలే అయినా బ్రిటనీ రాత్రులు చలిగా ఉంటాయి. 2019లో చలితోబాటు ఎదురుగాలి కూడా తోడై, ఎండకు అలవాటుపడ్డ మనవాళ్లలో ఎందరినో వెనక్కి నెట్టింది. దారి పొడవునా పల్లెల్లో జనం రాత్రంతా మేలుకుని ఇంటి ముందు బల్ల వేసి కాఫీ, కేకులు పెడతారు. చిన్నపిల్లలు నీళ్ల సీసాలు అందిస్తారు. యాత్ర పేరుతోనే చక్రం ఆకారంలో ఉండే కేకు ఒకటి 1910లో పుట్టి, ఇవాళ ఫ్రాన్స్ బేకరీల్లో మామూలు తినుబండారమైంది. మన పల్లెల్లోనూ ఆ ఆదరణ తక్కువేం కాదు. అక్టోబరులో వికారాబాద్ దారిలో సీతాఫలాల గంప ముందు ఆగితే ఒకటి కొన్నవాడికి ఇంకొకటి చేతిలో పెట్టి పంపే అవ్వలు ఉన్నారు. 'గింత దూరం సైకిల్ మీదనే వచ్చినవా బిడ్డా' అని అడగకుండా ఎవరూ పోనివ్వరు.

సైకిలు, సరంజామా

మన ఇళ్లలో పాలకు, పొలానికి వాడిన నల్ల సైకిలు బరువు ఇరవై కిలోలకు దగ్గర. రోడ్డు సైకిలు ఎనిమిది నుంచి పదకొండు కిలోలు ఉంటుంది. హ్యాండిల్ గొర్రె కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది, ఎదురుగాలిలో తల వంచి పట్టుకోవడానికి వీలుగా. మన రోడ్లకు 28 నుంచి 32 మిల్లీమీటర్ల టైరు మంచిది. అంతకన్నా సన్నవి వేగాన్నిస్తాయి గానీ గుంతల దగ్గర రిమ్మును కాపాడవు.

ఇక పంక్చరు. రహదారి అంచున పేలిన లారీ టైర్ల ముక్కలు పడి ఉంటాయి. వాటి లోపలి ఉక్కు తీగ వెంట్రుకంత సన్నగా ఊడి వచ్చి సైకిలు టైరులో దిగుతుంది. ట్యూబు మార్చేసి తీగను తీయకపోతే కొత్త ట్యూబు కూడా పది నిమిషాల్లో గాలి వదిలేస్తుంది. టైరు లోపల వేలితో మెల్లగా చుట్టూ తడిమి, గుచ్చుకున్న చోట తీగను గోటితోనో పట్టకారుతోనో లాగాలి. ఊళ్లో పంక్చరు షాపు ఉంటుందన్న ధీమా ఒక్కటే చాలదు. అక్కడి పంపు మామూలు సైకిలు వాల్వుకో, మోటారు బండి వాల్వుకో సరిపోతుంది. రోడ్డు సైకిళ్లలో చాలావాటికి ఉండే సన్నని ప్రెస్టా వాల్వుకు పట్టదు. దాని మీద బిగించే వేలి కొసంత ఇత్తడి తిరుడు బిళ్ల ఒకటి జేబులో ఉంటే ఏ పల్లెలోనైనా గాలి కొట్టించుకోవచ్చు. రెండు ట్యూబులు, చిన్న పంపు, ఆ బిళ్ల, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంటే చాలు. మిగతావన్నీ తరవాత కొనుక్కోవచ్చు.

కప్పు వేసిన ట్రాక్, కప్పు లేని రోడ్లు

ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కి.మీ. సైకిలు ట్రాక్‌ను 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ దాకా 8.5 కి.మీ., నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5 కి.మీ. ట్రాక్ వెడల్పు నాలుగున్నర మీటర్లు. పైన సౌరఫలకాల కప్పు. వాటి విద్యుదుత్పత్తి సామర్థ్యం 16 మెగావాట్లు. ఎండా వానా తగలకుండా, కారు భయం లేకుండా తొక్కగలిగే చోటు నగరానికి దొరకడం గొప్ప విషయమే. చిన్నపిల్లలు, ఆడవాళ్లు, అరవై దాటినవాళ్లు రాత్రిపూట కూడా అక్కడ ధైర్యంగా తొక్కుతున్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన వెలోడ్రోమ్ తరవాత సైకిలు కోసం నగరంలో జరిగిన పెద్ద నిర్మాణం ఇదే.

కానీ అమీర్‌పేట నుంచి నానక్‌రామ్‌గూడకు దాదాపు 15 కి.మీ. అక్కడికి సైకిలు మీద చేరాలంటే జూబ్లీహిల్స్ గుట్టలు ఎక్కి, గచ్చిబౌలి ట్రాఫిక్ దాటాలి. అందువల్ల చాలామంది సైకిలును కారు వెనక కట్టుకుని అక్కడికి తెచ్చుకుంటారు. కారు లేని విద్యార్థికి ఆ ట్రాక్ లేనట్టే. 2017లో మెట్రో మొదలైన రోజుల్లో స్టేషన్ల దగ్గర అద్దె సైకిళ్లు పెట్టారు. మంచి ఆలోచన. స్టేషన్ బయట సైకిలు నడిపే జాగా లేకపోవడంతో అది వేళ్లూనలేదు.

ఫ్రాన్స్‌లో సైకిలును దాటిపోయే కారు ఊళ్లో ఒక మీటరు, ఊరి బయట మీటరున్నర ఎడం వదలాలని చట్టం ఉంది. దానికి సిమెంటూ కప్పూ అక్కర్లేదు. మన నగరంలో కూడా ఇదే ముందు కావాలి. పంజాగుట్ట నుంచి నెక్లెస్ రోడ్డుకు, అమీర్‌పేట నుంచి మెహిదీపట్నానికి ఎడమ అంచున పార్కింగు తీసేసి రంగు గీత ఒకటి గీసి, కాలువ జాలీలను అడ్డంగా తిప్పి బిగిస్తే, ఆ పనికి అయ్యే ఖర్చు ట్రాక్ ఖర్చులో చిన్న వంతు. దానివల్ల ఆదివారం పూట చేవెళ్ల పోయేవాడికన్నా ముందు, రోజూ పనికి పోయే వాచ్‌మన్‌కు మేలు జరుగుతుంది. నగరపాలక సంస్థ తన తరవాతి సైకిలు పథకాన్ని ఊరి అంచున కాకుండా ఈ నడిబొడ్డు రోడ్ల మీద మొదలుపెట్టాలి.

అది జరిగేదాకా ఈ ప్రాంతంలో ఉండి తొక్కాలనుకునేవారు అక్టోబరులో ఒక ఆదివారం చూసుకుని, వెనక ఎర్రదీపం వెలిగించి, ఐదింటికి ముందే ఇల్లు కదలండి. తొలిసారి చేవెళ్ల దాకా చాలు. ఒంటరిగా కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి, చేవెళ్లలో ఇడ్లీ తిని తొమ్మిదిలోపు మళ్లీ మెహిదీపట్నం దాటేయండి.